గుమ్మటం నడికట్టు కోసేశారు

2011. తెలంగాణ ఉద్యమం రగులుతున్న రోజులు. మెదక్‌లో నాకు చిన్న ఆఫీసు ఉండేది. కట్టడం బరువు లెక్కగట్టి, ఇనుము ఎక్కడ ఎంత వెయ్యాలో చెప్పే స్ట్రక్చరల్ ఇంజనీరును నేను. ఊరి చివర ఫంక్షన్ హాలు కడుతున్న ఒక సేటు వచ్చి, "మేడం, నడుమల ఒక్క పిల్లర్ ఉండొద్దు. మీద గోల్ గుంబజ్ అసుంటి డోమ్ గావాలె, మస్తు పెద్దగ" అన్నాడు.

నాకు భలే సంబరమేసింది. చదువుకునే రోజుల నుంచీ గుమ్మటాలంటే పిచ్చి. ప్రపంచంలో పెద్ద పెద్ద గుమ్మటాలు కట్టినవాళ్లందరినీ వణికించింది ఒకటే: పై బరువుకు అడుగు అంచు బయటికి విచ్చుకుంటుంది. రోములో పాంథియన్‌కు అంత మందం గోడలు అందుకే. ఫ్లోరెన్సులో గుమ్మటం లోపల రాతి గొలుసులు దాచారు. సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం బీటలిస్తే తర్వాతి కాలంవాళ్లు ఇనుప పట్టీలు బిగించారు. బీజాపూరు గోల్ గుంబజ్‌లో ఒకదానికొకటి అడ్డంగా పోయే కమానులతో ఆ తోపుడును ఆపారు. ఇప్పుడు మేం రింగ్ బీమ్ వేస్తాం. అంచు చుట్టూ తిరిగే కాంక్రీటు దూలం, దాని లోపల ఎక్కడా తెగని కడ్డీలు. గుమ్మటానికి అదే నడికట్టు. అది తెగితే గుమ్మటమే లేదు.

డోమ్ పోశాం. సెంట్రింగు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే చెక్కలు, గుంజలు, ఇంకా తియ్యలేదు. అంతలో బంద్‌లు, రాస్తారోకోలు. కొన్నాళ్లు సైటుకు పోలేకపోయాను. పోయి చూద్దును కదా, ఈశాన్యం వైపు రింగ్ బీమును పగలగొట్టి, కడ్డీలు గ్యాస్ కట్టర్‌తో కోసేశారు! నా ఒళ్లు భగ్గుమంది.

"ఎవడు కోసిండు?" అని అరిచాను.

"వాస్తు సారు జెప్పిండు మేడం," అన్నాడు సేటు తాపీగా. "ఈశాన్యంల బరువు ఉండొద్దట. జరంత ముక్కనే గద! రేపు మంచి ముహూర్తం, సెంట్రింగ్ ఇప్పుతున్నం."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఇందుకే. సెంట్రింగు విప్పేది సేటు కాదు, వాస్తు సారూ కాదు. శివ్వంపేట నుంచి వచ్చిన కిష్టమ్మ, ఆమె పెనిమిటి, వాళ్ల జట్టు. గుమ్మటం విచ్చుకుంటే వాళ్ల నెత్తినే పడుతుంది.

కిష్టమ్మ చేతిలోని వెదురు గంప గుంజుకున్నాను. బోర్లించి, "ఒత్తుండ్రి సేటూ" అన్నాను. ఒత్తాడు. గంప కదల్లేదు. దాని అంచు కట్టు కొడవలితో కోసి మళ్లీ ఒత్తమన్నాను. బద్దలు విచ్చుకుని నేలకు అతుక్కుంది.

పక్కనే ఉన్న వాస్తు సారు నవ్వాడు. "గంపకు, గుమ్మటానికి పోలికనా మేడం?"

"గట్లనా! అయితే రేపు గుంజలు గుంజేటప్పుడు నడుమల మీరే కూసోండ్రి సారూ. కుర్సీ ఏపిస్త."

"రేపా... కౌడిపల్లిల నాకు వేరే పనున్నది."

"ఇనవడ్డదా సేటూ? ఆయన కూసోడట! కిష్టమ్మ మాత్రం కిందికి పోవాల్నట! ఆమెది పానం గాదా?"

కిష్టమ్మ విరిగిన గంపను చేతిలోకి తీసుకుని చూసింది. "మేం గుంజం సేటు. మాకేమన్న అయితే మా పోరగాండ్లు ఆగమైతరు," అంది. జట్టంతా లేచి ఆమె వెనక నిలబడింది. సేటు ముఖం మాడిపోయింది.

ముహూర్తం దాటిపోయింది. కోసిన చోట కొత్త కడ్డీలు వెల్డింగు చేయించి, మళ్లీ కాంక్రీటు పోయించి, అది గట్టిపడ్డాకే గుంజలు తీయించాను. వాళ్లతోపాటు నేనూ కిందే నిలబడ్డాను. గుమ్మటం కిమ్మనలేదు.

ప్రారంభోత్సవం నాడు శాలువా ఎవరికి కప్పారో తెలుసా? వాస్తు సారుకు! ఆయన చలవ వల్లే అంత పెద్ద డోమ్ నిలబడిందట. ఒళ్లు మండి బయటికి వస్తుంటే కిష్టమ్మ కనబడింది. విస్తరి పట్టుకుని గోడ పక్కన నిలబడి తింటోంది.

"నడుమల కూసోని తినరాదూ?" అన్నాను.

పైకి చూసింది. "పడదు గద మేడం?"

"పడదు. కూసో."

వెళ్లి సరిగ్గా గుమ్మటం నడుమ కూర్చుంది. నా శాలువా అదే అనుకున్నాను గానీ, కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకూడదని ఆ గుమ్మటమే నాకు నేర్పింది. ఈనాటికీ ఎవరైనా వచ్చి పెద్ద డోమ్ కావాలంటే, వాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: "గుంజలు గుంజేటప్పుడు కింద మీరుంటరా?"