మునిగినవాడు సంతకం పెట్టిన లెటర్

1984 వర్షాకాలం. రాయ్‌పూర్ టాటీబంధ్‌లో, లారీ ఆఫీసుల వరసలో నాకొక టైప్ మిషన్, రెండు స్టూళ్లు ఉండేవి. జాబ్ టైపింగ్ అంటే పేజీకి ఇంతని తీసుకుని, వచ్చినవాళ్ల లెటర్లు కొట్టిపెట్టడం. వాళ్లు తెలుగులోనో హిందీలోనో విషయం చెబితే ఇంగ్లీషు నేనే కట్టేదాన్ని. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఇంట్లో అంటారు. దీనికి మాత్రం కార్బన్ కాపీ ఉంది.

ఒక పొద్దున్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బుకింగ్ క్లర్క్ అప్పలరాజు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. శ్రీకాకుళం మనిషి. చేతిలో నాగ్‌పూర్ హెడ్డాఫీసు కవరు.

“అక్కా, నాను సచ్చిపోనానట. మొహల్లావోల్లు దండట్టుకొని వచ్చినారు. ఆల్లకి నానే టీ పోసినాను.”

కవరులో అతని భార్యకు సానుభూతి లెటరు. ఒకటో తారీఖున కొత్త క్లర్క్ వస్తాడు, ఈలోగా కంపెనీ గది ఖాళీ చెయ్యాలి. ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

“వాళ్లకెవరు చెప్పారయ్యా?”

“నువ్వే. బుకింగు లెక్కల స్టేట్‌మెంటు లేటెందుకైందని ఆల్లడిగితే, మూడ్రోజులు పన్లో ములిగిపోనానని రాయమన్నాను కదేటి.”

కాపీ తీసి చూశాను. ‘డ్రౌన్డ్’ అని, అంటే నీళ్లలో మునిగి పోయాడని, కొట్టింది నేనే. ‘పనిలో’ అన్న మాట ఎగిరిపోయింది. ఆ వారమే ఊరి పక్క ఖారున్ నది పొంగింది. ఇంకేం, నమ్మేశారు. చచ్చినవాడు కింద సంతకమెలా పెట్టాడని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

ముంచింది నేనే కాబట్టి, తేల్చేదాకా లేవనని డిక్షనరీ పట్టుకుని కూర్చున్నాను. ‘స్వాంప్డ్’ దొరికింది, కానీ పక్కనే చిత్తడి నేల అని ఉంది. నదిలోంచి తీసి ఊబిలో దింపినట్టవుతుందని వదిలేశాను. చివరికి ‘ఓవర్‌వెల్మ్డ్’ దగ్గర వేలు ఆగింది. పనో, దుఃఖమో, సంతోషమో తట్టుకోలేనంతగా మీద పడడం.

“ఇందల నీలున్నాయేటి?” అన్నాడు అనుమానంగా.

“కొంచెం ఉన్నాయి. మనిషి మాత్రం బతికే ఉంటాడు.”

ఈసారి ‘పనితో’ అన్న మాట ముందు కొట్టి, ‘నేను బతికే ఉన్నాను’ అన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను. పోస్టుని నమ్మక, నాగ్‌పూర్ వెళ్లే కంపెనీ లారీ డ్రైవరు చేతికే ఇచ్చాం.

నాలుగో రోజు అదే లారీలో జవాబొచ్చింది. అప్పలరాజు పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, ఈపాలి ఆల్లు ములిగిపోనారు.”

చదివాను. మీరు బతికున్నారని తెలిసి ఓవర్‌వెల్మ్ అయ్యాం, గది మీదే, స్టేట్‌మెంటు ఎప్పుడు పంపుతారు అని ఉంది.

ఆనాటినుంచి ఎవరొచ్చి ‘మునిగిపోయాను’ అన్నా, మిషన్ మీద చెయ్యి వెయ్యకముందే అడుగుతాను. “దేంట్లో?”