వెనక్కి వెళ్తే తంతుంది

మ్యూజియం ఊడ్చే ముసలి కురామోచికి ఉన్నది ఒక్కటే పిచ్చి. గుర్రం వెనక్కి ఎవర్నీ వెళ్ళనివ్వడు. అది మంచి జాగ్రత్తేగా అంటారేమో, ఆ గుర్రం చచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. హిదాకా ఊళ్ళోని ఆ పందెపు గుర్రాల మ్యూజియంలో, పెద్ద హాలు మూల ఎముకలై నిలబడి ఉంది. పేరు కొగరాషి.

"ముందునుంచి చూడండి. వెనక్కి వెళ్తే తంతుంది."

"ఎముకలు తంతాయా తాతా?" అని పిల్లలడిగితే,

"ఇదిగో, చూడు," అని బోసినోరు తెరిచేవాడు. ఆ పళ్ళు వయసుకి ఊడినవే గానీ ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. ఊరి మేయరు గుర్రం వెనకవైపుకి ఓ అడుగు వేస్తే నడుం పట్టుకుని లాగేశాడు.

కొత్త డైరెక్టరు హతనక సయో దీనికి నవ్వుకునేది. నవ్వు రానిది ఇంకోటుంది. మధ్యాహ్నం మంచు ముసురుకుని హాలు మసకబారగానే ఆ ఎముకల వైపునుంచి ఊపిరి వినిపించేది. బరువుగా, నింపాదిగా. గడ్డి వాసన కూడా.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"నిద్రపోతోందమ్మా."

ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది. "సందర్శకులు హడలిపోతున్నారు. సోమవారం దాన్ని గోడకి ఆనించేయిస్తాను. ఇక వెనకా ఉండదు, తన్నూ ఉండదు."

కురామోచి మొహం పాలిపోయింది. ఆ వారమంతా చీపురు పట్టుకుని ఆమె గది ముందు ఊడ్చిన చోటే ఊడ్చాడు. "గోడకి ఆనిస్తే దానికి గాలాడదమ్మా."

"దానికి ఊపిరితిత్తులే లేవండీ."

ఆదివారం మధ్యాహ్నం ఊపిరి మళ్ళీ మొదలైంది. సయో తెగించి గుర్రం వెనకవైపుకి నడిచింది.

గడ్డిచాప మీద, ఎముకల గిట్టని పట్టుకుని, తొంభయ్యేళ్ళ ముసలాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"నరుమి తాతగారు. దీన్ని పెంచింది ఈయనే," వెనకే పరుగెత్తుకొచ్చిన కురామోచి గొంతు తగ్గించాడు. "ఇంట్లో కన్ను మూతపడదట. దీని కాళ్ళ దగ్గరైతే పడుతుంది. లేపకండమ్మా. తన్నాలంటే నన్ను తన్నండి."

సయోకి కళ్ళు చెమర్చాయి. మునివేళ్ళ మీద వెనక్కి వచ్చేసింది. సోమవారం గుర్రాన్ని జరపడానికొచ్చిన కూలీలకి తనే అడ్డంగా నిలబడింది.

"వెనక్కి వెళ్ళకండి. తంతుంది."

మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ అదే ఊపిరి.

"తాతగారు ఇవాళ తొందరగా పడుకున్నట్టున్నారే," అంది నవ్వుతూ.

కురామోచి చీపురు ఆగింది. "ఆయన రాలేదమ్మా. పొద్దున్నే కూతురొచ్చి సప్పొరో తీసుకెళ్ళింది."

ఇద్దరూ కాసేపు విన్నారు. తర్వాత ముందువైపునుంచే చుట్టు తిరిగి టీ తాగడానికి వెళ్ళారు.