బాగున్న బ్రేకు

కిందటేడాది చలికాలంలో విజయనగరంలో రెండు రోజుల పాతకార్ల వేడుక జరిగింది. అక్కడ నేను ఒక బాగున్న బ్రేకును బాగాలేదని చెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చెప్పాను. ముప్పై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాణ్ణి. నా చేతి పని చెడిన రోజులున్నాయి గానీ, నా మాట చెడింది ఆ రోజే.

శనివారం కాలేజీ మైదానంలో ప్రదర్శన. ఆదివారం అన్ని కార్లూ వరసగా, నెమ్మదిగా ఎస్.కోట, అంటే శృంగవరపుకోట దాకా వెళ్లి రావాలి. నాకు అప్పగించింది స్క్రూటినీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసి అద్దం మీద స్టిక్కరు అంటించే పని. ఆ ఉదయం నాకు పండగలా ఉంది. ఫియట్లు, హెరాల్డులు, విల్లీస్ జీపులు, ఎప్పుడో చిన్నప్పుడు చూసి మళ్లీ చూడని రంగులు. పెద్దపెద్దవాళ్లు బానెట్లు ఎత్తుకుని, ఒకరి ఇంజన్ ఒకరికి చూపించుకుంటూ పిల్లల్లా పోట్లాడుకుంటున్నారు.

పూసపాటిరేగ అవతల సముద్రపు ఒడ్డు ఊరి నుంచి నూకయ్య తన అంబాసిడర్ తెచ్చాడు. చేపల వ్యాపారి. వెనక సీటు పీకేసి, ఇరవై ఏళ్లు ఆ కార్లోనే చేపల గంపలు మార్కెట్‌కి తోలాడు. ఇప్పుడు వ్యాను వచ్చాక కారుకి తీరిక దొరికింది. ఉప్పుగాలికి తలుపుల అంచులు తుప్పు పట్టినా, ఇంజన్ గోడగడియారంలా నడుస్తోంది. వేడుక కోసం సీటు మళ్లీ వేయించాడు. అందులో అతని భార్య పోలమ్మ, కొత్త పొందూరు చీర నలగకుండా నిటారుగా కూర్చుంది.

"ఏటి మేస్త్రీ అలా సూస్తన్నావు? సేపల కంపేనా?" అంది. "మూడుసార్లు కడిగినాం. అయినా సేప సేపే!"

నవ్వాను. ఆమె సీటును అరచేత్తో తట్టింది. "ఇన్నాళ్లూ ఈ కార్లో సేపలు కూకున్నాయి గానీ, నాను కూకోనేదు. సేపలు కార్లో, నాను బస్సులో. రేపు ఎస్.కోట దాకా దొరసానిలాగ ఎల్తాను సూడు."

వాళ్ల వెనక నిలిపిన ఫియట్ ఒక పెద్దమనిషిది. ఆయన మూడు కార్లూ నా షెడ్డుకే వస్తాయి. నన్ను పక్కకి పిలిచి, నూకయ్య కారు వైపు చూస్తూ ముక్కు మీద రుమాలు పెట్టుకుని, "అతిథులొస్తారు కదా, ఏదో ఒకటి చూడు" అన్నాడు. అంతే. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. దాన్ని నేనే వెతుక్కున్నాను.

నూకయ్య సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. పెడల్ సగంలోనే రాయిలా నిలబడింది. అంతకంటే మంచి బ్రేకు ఆ రోజు మైదానంలో లేదు. దిగి, "బ్రేకు వీకుగా ఉంది. లైన్లోకి పంపలేను" అన్నాను.

నూకయ్య నా మాట నమ్మాడు. కారుని మైదానం చివరికి తోసుకెళ్లి జాకీ పెట్టాడు. పోలమ్మ దిగి చీర కొంగు నడుముకి చుట్టుకుంది.

దారిలో ఏ బండి ఆగినా చూడ్డానికి నేను జీపులో వరస చివర ఉన్నాను. ఆదివారం ఉదయం బయల్దేరే వేళకి అతను అక్కడికి వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి బ్రేకు దుమ్ము.

"మేస్త్రీ, నాలుగు సక్రాల బ్రేకు డ్రమ్ములూ ఇప్పీసినాను. ఎక్కడా ఏటీ నేదు. నాకే తెలీడం నేదేటి?"

అప్పుడైనా చెప్పాల్సింది. ముందున్న కార్లు హారన్లు కొడుతున్నాయి. "మాస్టర్ సిలిండర్ అయ్యుంటుంది" అన్నాను. పెడల్ తొక్కగానే నూనెను నాలుగు చక్రాలకీ తోసే భాగం అది. పైకి చూస్తే తెలియదు. అందుకే ఆ పేరు చెప్పాను.

గేటు దగ్గర పోలమ్మ నిలబడి, వెళ్తున్న ప్రతి కారుకీ చెయ్యి ఊపుతోంది. నా జీపుకీ ఊపింది.

గంట్యాడ దాటాక ఆ ఫియట్ ఆగిపోయింది. వేపర్ లాక్. నెమ్మదిగా నడిపితే ఇంజన్ వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి పంపుకి అందదు. తడిగుడ్డ చుట్టి బాగుచేశాను. "నువ్వుంటే మాకు ధైర్యమయ్యా" అన్నాడాయన. ఆ మాటకి తలెత్తలేకపోయాను.

మరుసటి ఆదివారం చర్చిలో ప్రార్థనకి కళ్లు మూసుకుంటే నల్లటి మోచేతులు కనిపించాయి. ఆరాధన కాగానే వాళ్ల ఊరు వెళ్లాను. కారు మీద పాత వల కప్పి ఉంది. మాస్టర్ సిలిండర్ కోసం నూకయ్య శ్రీకాకుళం దాకా తిరిగాడట, దొరకలేదట.

"కొనకు. నీ బ్రేకు బాగుంది. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను.

నూకయ్య తన చేతులు చూసుకున్నాడు. "సేపల కంపు అని సెప్తే అయిపోను గదా. అందరి ఎనకాల నిలబెట్టుకుందుం. నా సేతుల మీద నాకే నమ్మకం పోనాది మేస్త్రీ" అన్నాడు.

పోలమ్మ ఊరుకోలేదు. "ఒరే, నీకు ముక్కుంటే మూసుకోవాల గానీ, మా బ్రేకు మీదెందుకు పడ్డావురా?" అని వీధంతా వినేలా తిట్టింది. తిట్టి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

తర్వాత కార్ల సంఘం వాళ్ల దగ్గరికీ వెళ్లి జరిగింది చెప్పాను. ఫియట్ ఆయన పేరు ఎత్తలేదు. అయినా ఆయనకి అర్థమైంది. కార్లు వేరే షెడ్డుకి మార్చుకున్నాడు. అప్పటినుంచి ఏ బండిలో లోపం ఉందన్నా, ఆ భాగం విప్పి యజమాని చేతిలో పెట్టాకే మాట్లాడుతున్నాను. మెకానిక్ అబద్ధమాడితే బండికేమీ కాదు, దాన్ని నడిపేవాడి ధైర్యం పోతుంది. అది ఏ దుకాణంలోనూ దొరకదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం, అదే దారిలో, ముగ్గురం శృంగవరపుకోట బయల్దేరాం. నూకయ్య స్టీరింగు దగ్గర, పోలమ్మ వెనక సీట్లో అదే పొందూరు చీరలో. నేను వెనక కూర్చోబోతే ఆపింది. "ముందర కూకో మేస్త్రీ. బ్రేకు పడతాదో నేదో నీకు బాగా తెలుస్తాది."

కొండలు దగ్గరపడ్డాయి. ముందూ వెనకా రోడ్డు ఖాళీ. "ఏవయ్యా, ఓపాలి గట్టిగా తొక్కు" అంది. నూకయ్య తొక్కాడు. కారు గీత గీసినట్టు ఆగింది. నా నుదురు అద్దానికి కొట్టుకుంది.

"బాగుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టాయి" అన్నాను నుదురు రుద్దుకుంటూ.

"ఇనబడనేదు" అంది పోలమ్మ.

మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా.