దసరా పీట కింద రాగి సుత్తె

మా అటుక మీద గోనెగుడ్డల సుట్టిన రాగి సుత్తె ఒకటి ఉండేది. తూకం వేస్తే శేరున్నర ఉంటదేమో. ఇన్నేండ్ల సంది దాన్ని మా ఇల్లు మోస్తున్నదని గోడలు అనుకున్నయి గని, మోసింది నేను. పెండ్లిల నవ్వుకుంట మోసిన. బాపు పోయిననాడు ఏడ్చుకుంట మోసిన. దించే జాగ దొరకలే. ఇయ్యాల మీ ముంగట దించుతున్న. మీరు దాన్ని ఎత్తుకోవద్దు, చూస్తే చాలు.

నా పేరు అడగకుండ్రి. కరీంనగర్‌ల సైకిల్ దుకాణం ఉన్నోన్ని. నాలుగో జమాత్‌ల బడి ఇడిసిపెట్టిన. బడే నన్ను ఇడిసిపెట్టిందని మా బాపు అంటుండె. చదువు రాలే గని నోరు వచ్చింది. నా దుకాణానికి పంచరు ఏపిచ్చుకునేటందుకు వచ్చేటోళ్ళకన్న, నా మాటలు ఇని నవ్వి పోయేటందుకు వచ్చేటోళ్ళు ఎక్కువ. మనిషిని నవ్వియ్యాలంటే ఈ బజార్ల నా తర్వాతనే ఎవరైనా. గొప్పకు చెప్తలేను. జరిగిందంతా ఆ నోటితోనే జరిగింది, అందుకని ముందుగాల దాన్నే మీకు చూపెడుతున్న.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులవి. మా వాడల ఒక వకీలు సాబ్ పట్నంల ఎవరో నవాబు ఇంటినుంచి పాత రేసు మోటరు ఒకటి కొనుక్కొచ్చిండు. రెండే సీట్లు. పైన కప్పు లే. కోర్టు కచేరీ లేని రోజు వస్తే చాలు, నల్లకోటు చిలుక్కొయ్యకు తగిలించి, బనీను మీద మోటరు కిందికి దూరేటోడు. మెకానిక్ చేయి పడనియ్యడు. దాని పానాలు గూడ దానితోనే వచ్చినయి, కిత్తనారగుడ్డ సంచిల వరుసగ కుట్టిన జేబులల్ల. అవి ఇంచుల పానాలు. మన లారీల మిల్లీమీటర్ల పానా ఆ నట్టు మీద కూర్చున్నట్టే కూర్చుంటది, జోరు పెట్టంగనే జారి మూలలు కొరుకుతది.

ఆ మోటరు చక్రాలకు సైకిల్ లెక్క పుల్లలు ఉండె. అందుకే నన్ను పిలిచిండు. పుల్లలు బిగించి చక్రం ఔటు, అంటే వంకర, తీసుడు నా పని. ఇంకొకరు బ్రహ్మం. కంచరి బ్రహ్మం, రాగి ఇత్తడి బిందెలు చేసేటోడు, నా చిన్ననాటి దోస్తు. ఆయన ఎందుకంటే, ఆ చక్రానికి బోల్టులు ఉండయి. నడిమిట్ల రెండు చెవుల పెద్ద నట్టు ఒక్కటే ఉంటది. సుత్తెతోని చెవి మీద కొట్టి తిప్పాలె. ఇనుప సుత్తెతోని కొడితే చెవి పగులుతది. రాగి మెత్తన, దెబ్బను తనే తింటది. అసలు సుత్తె ఎన్నడో పోయిందట. వకీలు సాబ్ వాళ్ళ అమ్మ, తన అత్తగారి కాలం నాటి ఓటి గంగాళం ఇచ్చింది. బ్రహ్మం దాన్ని కరిగించి, మట్టి అచ్చుల పోసి, తుమ్మకట్టె కామ ఎక్కించి తెచ్చిండు. మొదటి దెబ్బకే నట్టు కదిలింది. చెవి మీద గీత గూడ పడలే. వకీలు సాబ్ లేచి, మసి చేతులతోనే బ్రహ్మాన్ని అలుముకున్నడు.

నన్ను ఎన్నడు అలుముకోలే. నన్ను చూస్తే నవ్వేటోడు. రెండింటికి ఫరక్ ఉన్నదని ఆనాడు తెలిసింది.

ఆ తర్వాత ఒకనాడు, "పండుగ ఎల్లంగనే ఆదిలాబాద్ దాకా పోయొద్దాం. పానాల సంచి ఒడిల పెట్టుకొని పక్కన ఎవరన్న ఒకరు కూసోవాలె" అన్నడు. ఎవరన్న ఒకరు అన్నడు గని, బ్రహ్మాన్ని చూసుకుంటనే అన్నడు.

నవమి వచ్చింది. మీ ఇండ్లల్ల గూడ ఉంటది కద, పనిముట్లన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి ముంగట పెట్టుడు. ఒకసారి పెట్టినంక దసరా పొద్దుగాల దాకా ఎవరు ముట్టద్దు, పీట కదిలియ్యద్దు. వకీలు సాబ్ వాళ్ళ అమ్మ ఎర్రగుడ్డ పరిచిన పీట మీద పటం పెట్టి, ముంగట పానాలను చిన్నదానినుంచి పెద్దదాని దాకా పేర్చి, చివర్న రాగి సుత్తె పెట్టింది. ఆమె ఒత్తుల కోసం లోపటికి పోంగనే నేను రాగి సుత్తెను పీట కిందికి నూకిన. గుడ్డ అంచు నేల దాకా ఉండె, కనబడది. నా ఉపాయం ఏందంటే, అందరు దేవులాడి పరేషాన్ అయినంక, నేను శిగమొచ్చినట్టు ఊగి, "నా పీట కిందనే ఉన్నది బిడ్డా" అని అమ్మవారి లెక్క చెప్పాలె. ఇప్పుడు తలుసుకున్నా మంచి ఉపాయమే. నవ్వి నవ్వి కడుపులు నొచ్చేటివి.

కాని ఆగలేకపోయిన. సుత్తె కనబడ్తలేదని అందరు దేవులాడుతున్నరు. చుట్టాలు, వాడకట్టోళ్ళు, ఇల్లంత నిండి ఉన్నరు. నా నోటి ముంగటికి ఒక మాట వచ్చింది. వచ్చినదాన్ని నేను ఎన్నడు మింగలే.

"బతుకమ్మ పండుగకు ఆడిబిడ్డ తల్లిగారింటికి పోదా అమ్మా? రాగి గూడ పోయింది. కంచరోని కొట్టం కన్న దానికి తల్లిగారిల్లు ఏడుంటది?"

ఇల్లు పగిలేటట్టు నవ్విండ్రు. బ్రహ్మం గూడ నవ్విండు. వకీలు సాబ్ వాళ్ళ అమ్మ గూడ నవ్వింది. నవ్వి, కొంగుతోని మూతి తుడుసుకొని, "గట్ల గూడ అయి ఉంటది బిడ్డా" అన్నది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగినయి. బ్రహ్మం మొకం మీద నవ్వు జరసేపు అట్లనే ఉన్నది, దించుడు మర్చిపోయినట్టు. ఆయన అమ్మ దిక్కు చూడలే, వకీలు సాబ్ దిక్కు చూడలే. నా దిక్కు చూసిండు. మాట అన్నది నేను, దాన్ని తిరిగి తీసుకునేది గూడ నేనే అని. ఒక్కసారి శిగమూగితే అయిపోయేది. ఊగలే. వకీలు సాబ్ ఎవరి మొకం చూడకుంట, "కానియ్యండ్రి, హారతి కానియ్యండ్రి" అన్నడు. గంట కొట్టిండ్రు. బ్రహ్మం హారతి కండ్లకద్దుకొని, ప్రసాదం తీసుకోకుంట పోయిండు.

పూజ అయింది, పీట ముట్టద్దు కద, ఎట్ల చెప్పాలె? ఇది నా మొదటి సాకు. ఆ రోజుకు పనికొచ్చింది.

తెల్లారి దసరా పొద్దుగాల సామాను ఎత్తేటందుకు అందరికన్న ముందు పోయింది నేనే. ఎవరు సూడకముందు సుత్తె తీసి, అంగిల పెట్టుకొని ఇంటికి తెచ్చిన. ఇగో, మీరు ఇక్కడ జర ఆగుండ్రి. నేను ఎన్నో ఏండ్లు ఇక్కడనే ఆగి ఉన్న. దాన్ని అక్కడనే ఇడిసిపెడితే ఏమయ్యేది? పీట ఎత్తంగనే దొరికేది. కిందికి జారిందేమో అనుకునేటోళ్ళు. బ్రహ్మం మీది మాట పోయేది. నా పేరు గూడ బయటికి రాకపోయేది. నవ్వులాటకు చేసిన, భయానికి నోరు మూసిన అంటే మీరు నమ్ముతరు, నేనూ నమ్ముత. మరి దొరికేదాన్ని దొరకకుంట ఎందుకు తెచ్చిన? దీనికి భయం అన్న జవాబు సరిపోదు. ఎన్ని పానాలు తిప్పినా ఈ నట్టుకు ఒక్కటే కూర్చుంటది. ఆ మోటరుల వకీలు సాబ్ పక్కన సీటు ఒక్కటే ఉండె.

సీటు నాకే వచ్చింది. పానాల సంచి ఒడిల పెట్టుకొని కూసున్న. ఎదురుగాలి మొకాన కొడుతుంటే రాజు లెక్క అనిపించింది. అబద్ధం చెప్పను, మస్తు సంబురమైంది. సుల్తానాబాద్ దాటినంక చక్రం గాలి పోయింది. రాగి సుత్తె లే. ఎవరిదో బండి ఆపి ఇనుప సుత్తె అడుక్కొని, కట్టె అడ్డం పెట్టి కొట్టినం. కట్టె చీలింది, చెవి పగిలింది. వకీలు సాబ్ పగిలిన ముక్క చేతుల పట్టుకొని, "బ్రహ్మం గిట్ల చేస్తడనుకోలే" అన్నడు. నేను చక్రం పుల్లలు చూస్తున్నట్టు వంగిన.

బ్రహ్మాన్ని ఎవరు దొంగ అనలే. పిలుసుడు బందు చేసిండ్రు, అంతే. కంచరి దగ్గర బిందె ఇడిసిపోవాలంటే నమ్మకం ఉండాలె. నా మాట బజార్ల తిరిగింది. కుదిరిన మాట కద, ప్రతి ఒక్కరు తమదే అన్నట్టు చెప్పిండ్రు. ఆయన కొట్టంల బిందెలు తక్కువైనయి. మల్ల వానలు పడకముందే పెండ్లాం పిల్లలతోని మెట్‌పల్లికి, అత్తగారి ఊరికి, ఎల్లిపోయిండు.

చాన ఏండ్లకు ఒక పెండ్లికి మెట్‌పల్లి పోయిన. సంతబజార్ల సుత్తె చప్పుడు ఇని తల తిప్పితే బ్రహ్మమే. నన్ను చూసి లేచిండు. స్టూలు తుడిసి ఏసిండు, చాయ తెప్పిచ్చిండు.

"ఒకటి అడుగుత, కోపం చెయ్యకు" అన్నడు. "ఆనాడు నువ్వు నవ్వులాటకే అన్నవా? నేను తీసిన్నని అనుకోని అన్నవా?"

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసు."

"తెలుసా? ఎట్ల తెలుసురా?"

"తెలుసు. గంతే."

బ్రహ్మం చేతులు గుడ్డకు తుడుసుకున్నడు. మల్ల లోపటి దిక్కు తిరిగి పెండ్లాన్ని కేకేసిండు. "ఓ ఇగో, ఇన్నవా! నేను చెప్పలే? ఊరంత అనుకున్నా మా దోస్తు అనుకోడని చెప్పలే?" నా దిక్కు తిరిగి, "కరీంనగర్ మొత్తంల నువ్వొక్కనివన్న ఉన్నవురా. గది చాలు నాకు" అన్నడు.

నేను చాయ తాగిన. చల్లారకముందే మొత్తం తాగిన.

సుత్తె దొంగిలించినదానికన్న ఆ చాయ పెద్ద తప్పని నాకు తెలుసు. అప్పటి సంది ఒక కొత్త సాకు దొరికింది. నిజం చెప్తే ఆయనకు మిగిలిన ఒక్క దోస్తు గూడ పోతడు కద, ఆయన సుఖం కోసమే నోరు మూసుకున్న అని. మస్తు నునుపైన సాకు. ఏండ్లకేండ్లు చేతులల్ల తిప్పి నునుపు చేసిన. కాని అది గూడ నా సీటు కాపాడుకునుడే. మోటరుల సీటు పోయింది, వకీలు సాబ్ మోటరు అమ్మి పట్నం పోయిండు. బ్రహ్మం కొట్టంల ఉన్న స్టూలు మీద మాత్రం ఇంకా కూసోవాలనే ఉన్నది.

మొన్న నవమికి సుత్తెను అటుక మీదినుంచి దించిన. చింతపండు పెట్టి ఎర్రగ వచ్చేదాక తోమిన. దుకాణంల పూజకు సామాను పేరుస్తున్న మా ఇంటిది దాన్ని చూసి, "గిదెక్కడిది? గిదెవరిది?" అన్నది. దుకాణం నిండ మనుషులు ఉండిరి. నేను ఏమంటనో అని మొకాలు అప్పటికే నవ్వేటందుకు తయారైనయి.

"బ్రహ్మం పోసిన సుత్తె ఇది. వకీలు సాబ్‌ది. దొంగతనం చేసింది నేను. పేరు ఆయన మీద పెట్టింది నేను."

తర్వాతి మాట కోసం అందరు ఆగిండ్రు. నా మాటల అసలు మాట ఎప్పుడు చివర్నే వస్తదని వాళ్ళకు ఎరుక. నేను పసుపు తీసుకొని సుత్తెకు రాసిన. ఒకాయన దగ్గిండు. ఒకాయన చెప్పులు తొడుక్కున్నడు. మా ఇంటిది కుంకుమ పట్టుకొని నా మొకమే చూస్తున్నది.

పండుగ ఎల్లినంక సామానంత ఎక్కడిది అక్కడ పెట్టిన. సుత్తెను అటుక మీద పెట్టలే. దుకాణం గోడకు మొల కొట్టి, వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు కనబడేటట్టు తగిలించిన. మెట్‌పల్లి బస్సు నా దుకాణం ముంగటినుంచే పోతది. ఎక్కుతనో ఎక్కనో మీకు మాట ఇయ్యను, నా మాట ఎంత మాటనో మీరే చూసిండ్రు. అందుకే కాగితం మీద పెడుతున్న. నేను పోకున్నా ఈ కాగితం బ్రహ్మం దాకా పోతది.

సుత్తె ఎవరిదని రోజుకొకరన్న అడుగుతున్నరు. అడిగినోళ్ళకల్ల ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఇప్పటిదాకా ఒక్కరు నవ్వలే.