వాటా పిలుపులో తమ్ముడి పేరు

మా ఇబ్రహీంపట్నం చెరువులో వల లాగిన రోజు, చేపలు పంచే ముందు ప్రతి ఇంటి పెద్దా తన ఇంటి మగవాళ్ల పేర్లు పైకి చెప్పాలి. జ్వరంతో పడుకున్నవాడి పేరూ, పని మీద ఊరు దాటినవాడి పేరూ అందులో ఉంటుంది. పేరు పలికితే వాటా వస్తుంది. ఆ మనిషి నీళ్లలో దిగాడా లేదా అని ఎవరూ అడగరు.

ఆ ఏడాది వల వేసే హద్దు దగ్గర పక్క ఊరివాళ్లతో మావాళ్లకు గొడవ జరిగి, అవతలి మనిషి తలకు గాయమైంది. మరునాడు పోలీసులు కట్ట మీదికి వచ్చి, చెరువులో ఎవరెవరు దిగారని అడిగారు. మా నాన్న వాటా దగ్గర చెప్పినట్టే తన పేరు చెప్పి, ఆ ఊపులోనే నా తమ్ముడి పేరు కూడా చెప్పాడు. తమ్ముడు గొడవ జరిగిన రోజు మీర్‌పేట్‌లో కానిస్టేబుల్ కోచింగ్‌లో నమూనా పరీక్ష రాస్తున్నాడు. కోర్టు నుంచి సమన్లు వచ్చాక గాని వాడు కూడా ముద్దాయి అయ్యాడని మాకు తెలియలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నాదర్‌గుల్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతాను. సమన్లు నా చేతికే ఇచ్చారు. అందులోని ప్రతి మాటా అర్థమైంది. ఏం చేయాలన్నది మాత్రం అర్థం కాలేదు.

మత్స్యకారుల సంఘానికి పెద్ద మా పెదబాపు, అంటే నాన్న అన్న. ఆయన కొడుకుల పేర్లూ కేసులో ఉన్నాయి. అందరం కలిసి జడ్జి ముందు ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని ఆయన నిర్ణయించాడు. ఒప్పుకుంటే శిక్ష పడినట్టేననీ, ఉద్యోగం ఇచ్చే ముందు జరిగే విచారణలో అది బయటపడుతుందనీ, తమ్ముడికి వేరుగా వకీలును పెట్టాలనీ నేను చెప్పాను.

“నీ తమ్ముడొక్కడే బంగారమా బిడ్డా? మా పోరగాండ్లు ఇత్తడా?” అని పెదబాపు నవ్వాడు. కానీ తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు. “తప్పు చేసినోడే వకీలు తానకు ఉరుకుతడు. గిట్ల విడిపోతే రేపు వాటా ఏ మొకంతోని అడుగుతరు?”

నాన్న ఆ చాయ్ తీసి మళ్లీ ఆయన చేతికిచ్చాడు.

తమ్ముడికి ఫోన్ చేస్తే వాడి భయం ఇంకో వైపు నుంచి వచ్చింది. “అక్కా, నేను ఆడ లేనంటే బాపు పోలీసోళ్లకు అబద్ధం చెప్పిండనే కదా అయితది?”

ఆ వారమంతా బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేదాన్ని. వకీలును పెడితే కేసు ఏళ్ల తరబడి నడవవచ్చు; నడుస్తున్న కేసు వల్ల కూడా ఉద్యోగం ఆగిపోవచ్చు. ఒప్పుకుంటే మాత్రం పోయినట్టే. ఆగిపోవచ్చు అన్నదాన్నే పట్టుకోవాలని నాకు నేను చెప్పుకొనేదాన్ని, మళ్లీ పెదబాపు మాట గుర్తొచ్చేది. చివరికి, వకీలును అడిగి చూద్దాం, పెట్టుకోవాలో వద్దో తరువాత చూద్దామని నాన్నను బయలుదేరదీశాను.

కోర్టు ఎదుటి సందులో ఒక చిన్న గదిలో వకీలు కూర్చుని ఉన్నారు, నడివయసు ఆవిడ. ఆ రోజు మీ ఇంటి నుంచి చెరువులో దిగిందెవరని నాన్ననే అడిగారు. నాన్న తన పేరు చెప్పాడు. వెంటనే తమ్ముడి పేరూ చెప్పాడు. ఆవిడ రాయకుండా ఆయన వైపే చూశారు.

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. “లేడు మేడం. పిలగాడు మీర్‌పేట్ల ఉండె. నేను వాటాకు చెప్పినట్టు చెప్పిన.” కండువా భుజాన వేసుకుని అడిగాడు, “గీ మాట కోర్టుల చెప్తే వాని వాటా పోదు గదా?”

కేసు సంగతి తాను చూడగలననీ, వాటా సంగతి తన చేతుల్లో లేదనీ ఆవిడ నిదానంగా చెప్పారు. కేసు గెలుస్తామని కూడా మాట ఇవ్వలేదు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రమ్మన్నారు.

నేను లేవబోయాను. నాన్న లేవలేదు.

“పిలువు బిడ్డా వాన్ని,” అన్నాడు. “సంతకం వాడే పెట్టాలె గదా.”

తమ్ముడు వచ్చి కేసు ఆవిడకు అప్పగించే వకాలత్ కాగితం మీద సంతకం చేశాడు. పెదబాపుకు ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం వల లాగుతారు. నాన్న వాటా దగ్గర వాడి పేరు చెబుతాడో, ఆగిపోతాడో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలడం లేదు.