బండ మీద నిలిపిన గుంజ

1989 మార్చి 4, శనివారం. బోరింగు నుంచి నీళ్లు పన్నెండు బిందెలు. రాట్నం మీద కండెలు పద్దెనిమిది. అత్తకు కషాయం. చింతపండు గింజ తీయడం సగంలో ఆగింది. అనంతపురం బస్సు దిగిన చుట్టం ఒకాయన వాకిట్లో నిలబడి, "పళ్ల డాక్టరు పోయినాడంటమ్మా, నిన్న పొద్దున" అన్నాడు. చేటలో మిగిలిన సగం ఇప్పటికీ అట్లాగే ఉంది.

మా ధర్మవరం మగ్గాల వీధిలో చాలామందికి ఆయనే పళ్ల డాక్టరు. ఎవరికైనా పన్ను పీకే ముందు మూడుసార్లు అడిగేవారు. "పీకేది నిమిషం పని. మళ్లా నాటేదెవరు?" అనేవారు. పని మొదలుపెట్టే ముందూ, అయిపోయాకా పళ్లెంలోని పనిముట్లను పైకి లెక్కపెట్టేవారు. నాకు నచ్చిన అలవాటు అది.

నాలుగేళ్ల కిందట నా కింది దవడ పన్ను ఒకటి పోయింది. బెంగళూరులో ఆయన స్నేహితుడొకాయన కొత్త పద్ధతిలో పళ్లు నాటుతున్నాడని నన్ను అక్కడికి పంపింది డాక్టరుగారే. వాళ్లు దవడ ఎముకలో లోహపు వేరొకటి దించారు. ఎముక దాన్ని పట్టుకునేదాకా నెలల తరబడి ఆగి, దాని మీద పన్ను కూర్చోబెట్టి, నడుమ చిన్న స్క్రూతో బిగించారు. స్క్రూ దగ్గరికి పోవడానికి పంటి మీద సన్నని రంధ్రం ఉంది. దాన్ని మైనంలాంటి దానితో మూశారు.

మూడు నెలలకే పన్ను కదిలింది. అనంతపురంలో డాక్టరుగారి దగ్గరికి పోయి బిగించుకుని వచ్చాను. రెండు నెలలకు మళ్లీ కదిలింది. తర్వాత నెలకే. బెంగళూరుకు జాబు రాస్తే, గట్టివి తినవద్దని జవాబు. ఇంట్లో అత్తదీ అదే పాట: "బుడ్డలు కొరికితే ఊడకుండా ఏమైతాది?" నేను బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, మానేసి ఏడాదయిందని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. తప్పు చేయకుండానే తప్పుచేసినదాన్నయ్యాను. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఆ రోజుల్లోనే డాక్టరుగారు తన కూతురి పెళ్లికి చీర చూడడానికి మా ఇంటికి వచ్చారు. మేము కొత్త ఇంట్లో తాడిపత్రి బండలు పరిపించాం. వాటిని పగలగొట్టి గుంట తీయడానికి మనసొప్పక మా ఆయన మగ్గం గుంజలను, అదే మగ్గాన్ని మోసే కొయ్యలను, నేలలో పాతలేదు. బండ మీదే నిలబెట్టి బోల్టులు వేశాడు. పోగును దగ్గరికి నెట్టడానికి పన్నె కొట్టిన ప్రతిసారీ గుంజ ఊగేది. చీర అంచు వంకర పోయేది.

డాక్టరుగారు చీర వదిలేసి గుంజ పట్టుకుని ఊపారు.

"ఏమప్పా, దినామూ బిగిస్తాండావా?"

"ఏం సేసేది సార్, మంచి బోల్టులు దొరకల్యా."

"బోల్టుది తప్పు గాదప్పా. గుంజ పైపైన కూచోనుండాది. దెబ్బంతా పోయి బోల్టు మీద పడతాంది. అదే లోపలికి దిగుంటే దెబ్బ నేల తీసుకుంటాది. బోల్టుకు పనే ఉండదు."

తర్వాత నా వైపు తిరిగారు. "నీ పన్నూ ఇంతేనమ్మా. వేరు ఎముకలో గట్టిగానే ఉండాది. పన్నుకే పట్టు లేదు. వేరు నెత్తిన పొట్టి బుడిపె, దాని మీద టోపీ పెట్టినట్ల కూచోనుండాది. పక్కకు నమిలితే స్క్రూ ఒకటే మోస్తాది. పన్ను వేరు లోపలికి దిగేటట్ల చేసేవి వస్తాండాయంట. మనకు ముందే రాల్యా."

నెల తిరగకముందే మా ఆయన బండ పగలగొట్టి గుంజలు పాతాడు. మగ్గానికైతే నేల తవ్వుకోవచ్చు. నా దవడలో దిగినదాన్ని ఎట్లా మార్చేది?

ఇప్పుడు నేను రాయవలసింది రాస్తాను. బస్సులెక్కి తిరగలేక, మాటలు పడలేక, కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో నేనే బిగించుకోవడం మొదలుపెట్టాను. సూదితో మైనం తీయడం, అద్దం ముందు బిగించడం, కొవ్వొత్తి మైనంతో మూయడం. ఊగితే ఇంకొంచెం గట్టిగా. బోల్టుది తప్పు కాదన్న మాట విన్న తర్వాత కూడా.

చివరికి ఎంత బిగించినా పన్ను ఆగక, డాక్టరుగారి దగ్గరికే పోయాను. ఆయన స్క్రూను అట్లా తాకారో లేదో తల విరిగి చేతికి వచ్చింది. దాని మీది గీతలు చూసి నా ముఖం చూశారు. నేను పైకప్పు చూశాను. మిగిలిన ముక్క తీయడానికి ఆయనకు మధ్యాహ్నమంతా పట్టింది. బయట కూర్చున్న మా ఆయనతో, "నా చేతిలోనే విరిగిందప్పా" అన్నారు. కొత్త స్క్రూ వేశారు. పక్క దెబ్బ తగ్గేటట్టు పంటి గుబ్బలను అరగదీశారు. నేను లేచేటప్పుడు మెల్లగా, "మీ ఇంట్లో మిషను స్క్రూడ్రైవరు ఉంటే మిషనుకే వాడమ్మా" అన్నారు. అంతే.

ఆ పన్ను రెండేళ్లుగా కదలలేదు. కానీ, "స్క్రూ ఇరగ్గొట్టినాడంట, చెయ్యి వణుకుతాదేమో" అని అత్త వీధంతా చెప్పింది. మా వీధివాళ్లు ఒక్కొక్కరే వేరే డాక్టరు దగ్గరికి మళ్లారు. నేను ఒక్క మాట అనలేదు. రోజుకు ఎన్ని కండెలు చుట్టానో రాసుకునే మనిషిని, ఇది మాత్రం ఎక్కడా రాయలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే. ఒక్కసారి గట్టిగా తిట్టివుంటే ఆ రోజే తేలిపోయేది.

ఈ సాయంత్రం మగ్గం దగ్గర మా ఆయనా, అత్తా ఇద్దరూ ఉండగా చెప్పాను. "ఆ పొద్దు ఇరిగింది డాక్టరు చేతిలో గాదు. నేను మిషను స్క్రూడ్రైవరుతో బిగించి బిగించి ఇరిగింది."

అత్త, "రెండేండ్లు! ఆ మనిషి బతికుండంగా చెప్పేదానికి నీ నోరు యాడ పోయిండె? నాతో ఆ మాటలన్నీ అనిపిస్తివి గదే" అంది. కొంగు దులిపి లేచి, ఎవరెవరి దగ్గర ఆ మాట అన్నదో ఆ ఇళ్లన్నిటికీ బయల్దేరింది. నేనూ వెంట పోయాను. ప్రతి గడపలోనూ చెప్పింది నేనే.

తిరిగి వచ్చేసరికి మా ఆయన నేస్తూనే ఉన్నాడు. పన్నె గట్టిగా పడుతోంది. గుంజ మీద చెయ్యి పెట్టి చూశాను. కదలడం లేదు.

డాక్టరుగారికి పడిన బాకీ, ఒక నిజం. పదకొండు ఇళ్లలో చెప్పాను. తీరింది.