అవ్వ తాగిన గిన్నె

మా చిన్నప్పుడు... చర్చిలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారం వస్తోందంటే శనివారం సాయంత్రమే మా అవ్వ ఆకువక్క సంచి తీసి గూట్లో పెట్టేసేది. నెలంతా నోరు ఎర్రగా ఉండే మనిషి... మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆకు ముట్టేది కాదు. పొద్దున్నే వేపపుల్లతో తోముకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి, నన్ను పిలిచి నోరు తెరిచి చూపించేది.

"సూడు పాపా, ఎరుపేమన్నా ఉండాదా? గిన్నెకంటితే బాగుండదు."

గిన్నె అంటే ప్రభువు బల్ల మీద పెట్టే పెద్ద గిన్నె. పాస్టరు అయ్యగారి భార్య నల్లద్రాక్షలు ఉడికించి వడగట్టిన రసం అందులో పోసేవాళ్ళు. ముందు చిన్న రొట్టె ముక్క... తర్వాత అందరూ ఆ ఒక్క గిన్నెలోంచే తలా ఒక గుక్క. మాలాంటి పిల్లలకు ఇచ్చేవాళ్ళు కాదు. ఆ వాసన పీల్చుకుంటూ, ఎప్పుడు పెద్దవుతామా అని చూసేవాళ్ళం.

మాది కర్నూలు నుంచి ఓర్వకల్లు వైపు పోయే దారిలో ఒక ఊరు. చిన్న ప్రెస్బిటేరియన్ చర్చి, కింద నల్ల బండలు. ముందు రెండు బెంచీలు, వెనకంతా చాపలు. బెంచీల మీద కూర్చునేవాళ్ళ తాతలు ఊళ్ళోంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు, మా తాతలు ఊరి బయటి పేటలోంచి వచ్చి తీసుకున్నారు. యేసయ్య దగ్గరికి వచ్చేటప్పుడు అందరూ అన్నీ వదిలేసి వచ్చారట... కులం ఒక్కటి మాత్రం సంచిలో వేసుకుని వచ్చారు.

అందుకే గిన్నె ముందు బెంచీలకు, తర్వాత చాపలకు. ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పేవాళ్ళు కాదు. బెంచీ వాళ్ళ పెద్దాయన సంఘపెద్ద. చుట్ట కాల్చే మనిషి... ఆయన తాగుతుంటే మీసాలు రెండూ రసంలో మునిగేవి. మేం నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. ఆ మీసాలు మునిగిన రసమే మా వాళ్ళంతా ఏళ్ళ తరబడి తాగారు. ఎవరికీ ఏ రోగమూ రాలేదు మరి!

ఇలా ఉండగా కొత్త అయ్యగారు వచ్చారు. వయసులో చిన్నవాడు, కోస్తా వైపు మనిషి. మొదటి సంస్కారపు ఆదివారమే లేచి, "ప్రభువు బల్ల దగ్గర ముందు వెనకలు లేవు. ఎవరు ముందొస్తే వాళ్ళకే ముందు," అన్నారు.

చర్చికి అందరికంటే ముందొచ్చేది మా అవ్వ. ఊడ్చేదే ఆమె కదా... అయ్యగారి మాట నమ్మింది. కొంగు తల మీదికి లాక్కుని, వంగి వంగి నడుస్తూ బల్ల దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగింది. అంత వెలుగు నేను ఆమె ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

అయ్యగారు తెల్లగుడ్డతో అంచు తుడిచి, గిన్నె తిప్పి, పెద్దాయనకు అందించారు. ఆయన గిన్నె వంక చూశాడు... పుచ్చుకోలేదు.

"దగ్గు వస్తాండాది అయ్యగారూ. ఈసారికి వద్దులే."

పక్కనున్న ఆయన భార్య వద్దంది. కొడుకులు వద్దన్నారు. రెండు బెంచీలకూ ఒకేసారి దగ్గు వచ్చింది.

ఇంటికి వస్తూ దారిలో అడిగాను. "అవ్వా, అంతమందికి దగ్గు ఎట్లొచ్చింది?"

అవ్వ ఇల్లు చేరాక గడప మీద కూర్చుని అంది, "దగ్గు కాదు పాపా... నా నోరు."

మళ్ళీ నెల సంస్కారానికి బల్ల మీద పెద్ద గిన్నె లేదు. పళ్ళెం నిండా బొటనవేలంత గాజు గ్లాసులు, మిలమిలా మెరుస్తూ... బెంచీ వాళ్ళు ఇచ్చిన కానుక. రోగాలు అంటుకోకుండా మంచి పద్ధతి అని అయ్యగారు తల వంచుకుని చెప్పారు. మా చర్చిలో పెద్దల మాట అయ్యగారి మాట కంటే బరువు. పిల్లలమంతా ఆ బుల్లి గ్లాసులు చూసి మురిసిపోయాం.

పళ్ళెం దగ్గరికొచ్చేసరికి అవ్వ లేచి నిలబడింది.

"సామీ, ఆ గిన్నె యాడ ఉండాది?"

"బీరువాలో ఉందమ్మా."

"నాకు దాంట్లోనే పొయ్యండి సామీ. అందరూ తాగినాకే తాగుతా... కడాన తాగుతా."

"అందరికీ ఒకటే పద్ధతమ్మా," అన్నారు అయ్యగారు. పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

అవ్వ పళ్ళెం పక్కామెకు అందించి కూర్చుంది. ఆ రోజే కాదు, పోయేదాకా అంతే. చర్చి ఊడవడం మానలేదు, ఆదివారం మానలేదు. పళ్ళెం వస్తే పక్కకు అందించేది. సంస్కారపు ఆదివారాలు కూడా ఎర్రటి నోటితోనే వచ్చేది. అమ్మ కోప్పడితే, "ఇంగ ఎవరి కోసరం ఆపాల?" అనేది.

ఈ మధ్య ఊరికి వెళ్ళినప్పుడు ఆ చర్చికి వెళ్ళాను. టైల్స్ వేశారు, ఏసీ పెట్టారు. వాకిట్లో "అందరికీ స్వాగతం" అని పెద్ద బోర్డు. పెద్దాయన మనవడే ఎదురొచ్చి చెయ్యి కలిపి, "బాగుండావా అక్కా?" అంటూ ముందు వరసలో కుర్చీ చూపించాడు. బెంచీలు లేవు, చాపలు లేవు. మంచివాడే... కాదనను.

పెద్ద గిన్నె అద్దాల బీరువాలో ఉంది, బాగా తోమిపెట్టారు. సంస్కారానికి తలా ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు, మూత చింపుకుని తాగేది. ఎవరి కప్పు వాళ్ళది. ఒకరి తర్వాత ఒకరు తాగాల్సిన అవసరమే లేదు ఇప్పుడు. అందుకే అంత ప్రేమగా ఉన్నామేమో అనిపించింది.

మీలో ఎవరి చర్చిలోనైనా ఆ ఒక్క గిన్నె ఇంకా చేతులు మారుతోందా? ఉంటే చెప్పండి... ఎంత దూరమైనా వస్తాను. నాకు ముందు వరస వద్దు. ఆకువక్క నమిలే ముసలమ్మ ఎవరైనా ఉంటే... ఆమె తాగాక, ఆ గిన్నె నాకివ్వండి.